చలికోర్చిన గులాబి, ఎండకోర్చిన గులాబి

మొక్కల నమ్మువారు "ఇది గట్టి మొక్క" యని చెప్పగా మనము తరచుగా వినుచుందుము. ఎక్కడ గట్టిది, దేనికి గట్టిది యని మరల ప్రశ్నించువారు మాత్రము అరుదు. జెట్టి బలము జెట్టితోడనే యుండి, అతడే యూరికి పోయినను వెంట వచ్చునట్లు, మొక్క బలము గూడ దాని శరీరములోనే యుండి యెక్కడ నాటినను నిలుచునని మనము తలంచుదుము. ఈ తలంపు సరికాదని మేము మొదట తెలిసికొన్నది గ్రంథమువలన గాదు, మా పాఠశాల తోటలో జరిగిన యొక సంగతివలన. గ్రంథములు చూచుట తరువాత జరిగినది.

మేము గోదావరి ప్రాంతమున నొక పాఠశాలలో భాషలు బోధించుచున్నాము. కొన్నియేండ్ల క్రిందట విద్యార్థులు తలకొంత వేసికొనిన సొమ్ముతో పండ్రెండు గులాబి యంట్లు తెప్పించి బడిముంగిట నాటించితిమి. అవి మిక్కిలి గట్టి జాతివని అమ్మినవారు చెప్పిరి. మొదటి శీతకాలమున అరచేతి యంతేసి పూవులు పూచి దారినిబోవువారిని గూడ నిలిపినవి. వైశాఖమున ఆకుల అంచులు మాడెను. వానలు పట్టి పాదులలో నీరు నిలిచినప్పుడు ఆకులపై నల్లమచ్చ తెగులు కనబడెను. రెండవయేట కొమ్మలు కొనలనుండి క్రిందికి ఎండుచు వచ్చి, మొక్కలన్నియు మోళ్లయ్యెను. మేము తోటమాలిని పిలిపించి, వేళకు నీరు పోయలేదని పిల్లల యెదుట గట్టిగా మందలించితిమి. అతడు వయసున మాకంటె పెద్దవాడు. తలవంచుకొని వినెనే కాని బదులు చెప్పలేదు.

ఆ మోళ్లను పెరికివేయ మరచితిమి. తొలకరి తరువాత వానిలో నాలుగైదింటి మొదళ్లనుండి చిగుళ్లు పుట్టెను. కార్తికమునాటికి అవి పొదలై, చిన్నచిన్న గులాబిరంగు పూవులు గుత్తులుగా పూచినవి. వాసన మునుపటి పెద్దపూవులకంటె మిక్కుటము. మొక్క రంగు మార్చుకొన్నదని పిల్లలు సంబరపడిరి. అప్పుడు తోటమాలి మాయొద్దకు వచ్చి, "రంగు మారలేదండి, పంతులుగారూ. పైన కట్టిన అంటు చచ్చిపోయిందండి. ఇది అడుగునున్న వేరుమొక్క, ఎడ్వర్డు గులాబీ అండి. నీళ్లు తక్కువై చస్తే రెండూ చచ్చేవి గదండీ?" అని మెల్లగా అనెను. ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేకపోయినది. ఒకే పాదులో, ఒకే నీటితో, ఒకటి చచ్చి యొకటి బ్రతికినది. ఈ భేదమునకు కారణమేమని వెదకుచు మేము గులాబి చరిత్రలోనికి దిగితిమి. అందు కనబడినదానిని పాఠకుల యెదుట నుంచుచున్నాము.

గులాబి యను పేరే దేశాంతరములనుండి నడచివచ్చినది. పారసీకమున 'గుల్' అనగా పువ్వు, 'ఆబ్' అనగా నీరు. గులాబ్ అనగా పన్నీరు. నీటిపేరు మనకు పువ్వుపేరైనది. అడవిగులాబి జాతులు సుమారు 150 కలవు; అవి యన్నియు భూగోళముయొక్క ఉత్తరార్ధమునకు చెందినవే. ఉత్తరధ్రువము చేరువనున్న అడవులు మొదలు బంగాళపు పల్లపునేలల వరకు అవి వ్యాపించియున్నవి. ఇంత విశాలమగు కుటుంబమున స్వభావభేదములుండుట వింత గాదు. ఆ భేదములలో మన కథకు ముఖ్యమైనది నిద్ర.

ఉత్తరదేశపు గులాబి, పగటిప్రొద్దు తగ్గుటను చలి హెచ్చుటను గుర్తుగా గొని పెరుగుదల మానివేయును. ఆకులు రాల్చును. కొమ్మలు ముదిరి గట్టిపడును. కణములలోని నీరు కొంత వెలికి పోగా, లోపలి రసము చక్కెరలతో చిక్కబడును. అందువలన మంచుగడ్డ కణముల వెలుపల నేర్పడునే కాని లోపల నేర్పడి వానిని చీల్చదు. ఇట్లు నిద్రించిన మొక్క గడ్డకట్టు స్థానమునకు 30, 40 డిగ్రీల దిగువ చలికిని చావదు. చీనాదేశమున వెచ్చని ప్రాంతముల తోటలలో పెరిగిన గులాబులకు ఇట్టి గాఢనిద్ర అలవాటు లేదు. వెచ్చదనమున్నంత కాలము అవి చిగుర్చుచునే, పూచుచునే యుండును. పూతను అణచియుంచు నొక జన్యువు వానిలో చెడియుండుటయే యీ యెడతెగని పూతకు కారణమని యిటీవలి శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఏడాది పొడవునను పూచు గుణము ఒక కుటుంబమున, చలికి నిద్రించు గుణము మరియొక కుటుంబమున నుండినవి. ఒకటి మేలుకొనుటలో నేర్పరి, మరియొకటి పండుకొనుటలో నేర్పరి. ఈ రెండు గుణములను ఒక్క పొదలో చేర్చుటకు మనుష్యులు చేసిన ప్రయత్నమే గత రెండు శతాబ్దుల గులాబి చరిత్రలో పెద్దభాగము.

చీనా గులాబులు నాలుగు, తోటచరిత్రలలో ప్రసిద్ధమైనవి, 1792, 1793, 1809, 1824 సంవత్సరములందు ఇంగ్లండు చేరినవి. అంతకు ముందు ఐరోపా గులాబులు చాలవరకు ఏటి కొక్కమారు పూచి యూరకుండునవి. ఈ కొత్త చుట్టములతో సంపర్కము కలుగగా అవియు మరలమరల పూయ నేర్చెను. 1867 లో ఫ్రాన్సున గియో యను తోటవాడు వెలువరించిన 'లా ఫ్రాన్స్' అను గులాబిని నవీన గులాబుల కాద్యమని లెక్కింతురు. 1900 లో పెర్నే-డ్యూషే యను నాతడు పారసీకపు పసుపు గులాబిని కలిపి 'సొలైల్ డార్' అను దానిని పుట్టించెను. తోటగులాబులకు నేడున్న చిక్కని పసుపు, నారింజ వన్నెలు చాలవరకు ఆ వంశముననుండి వచ్చినవే. కాని పసుపుతోపాటు నల్లమచ్చ తెగులునకు లొంగు గుణము గూడ ఆ వంశమునుండియే వ్యాపించినది. మా బడితోటలో చచ్చిన యంట్లు ఈ సంతతిలోనివే. అందము హెచ్చెను, రంగులు హెచ్చెను, మొక్కయొక్క యోర్పు తగ్గెను. చలిదేశములలో శీతకాలము రాగానే వీనిని మట్టితో కప్పియో గడ్డి చుట్టియో కాపాడవలసివచ్చెను. గులాబి పెంపకమనగా పరిచర్య యనునంతవరకు వచ్చినది.

ఇంతలో మరియొక గులాబి ఐరోపాలోనే యుండియు చాలకాలము ఆదరము పొందలేదు. జపాను, కొరియా, కంచత్కా సముద్రతీరముల ఇసుకదిబ్బలలో నది పెరుగును. జపానువారు దానిని 'హమనసు' అందురు. 1784 లో తున్‌బెర్గ్ అను స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడు దానికి 'రోజా రుగోసా' యని పేరు పెట్టెను. ఆకులు ముడుతలు పడియుండుటచే నాపేరు. 1796 ప్రాంతమున నది ఇంగ్లండు చేరెను. కాండము నిండ ముండ్లు, రేకులు పలుచన, కోసి పాత్రలో నుంచినచో వెంటనే వాడును. నాటి తోటవారు దానివంక చూడకపోవుట సహజమే. ఉప్పుగాలిని, ఇసుకను, ఘోరమైన చలిని ఏ పరిచర్యయు లేక భరించు శక్తి దానికి కలదని గుర్తించుటకు నూరేండ్లు పట్టెను.

ఆ శక్తి యెక్కువగా కావలసివచ్చినది కెనడా దేశమునకు. అచ్చట 1886 లో ప్రయోగక్షేత్రములను స్థాపించి, విలియం సాండర్సును వానికి మొదటి అధ్యక్షునిగా నియమించిరి. మార్క్విస్ గోధుమను వెలయించిన చార్లెస్ సాండర్సు ఈయన కుమారుడే. తండ్రి రుగోసాను పారసీకపు పసుపు గులాబితో కలిపి 'ఆగ్నెస్' అను పొదగులాబిని పుట్టించెను. 1914 లో ఆయన మరణించెను. ఆ గులాబి 1922 లో లోకమునకు వెలువడినది. ఆల్బర్టాలో ఫ్రెంచి నవలాకారుడు జార్జి బ్యున్యే, 1905 లో వలసవచ్చి అడవి నరికి వ్యవసాయము చేయుచు, ఆ దేశపు అడవిగులాబిని రుగోసాతో కలిపి యెన్నో యేండ్లు విత్తనములు నాటుచు వచ్చెను. 1950 లో వెలువడిన 'తెరేజ్ బ్యున్యే' యను గులాబి ఆ కృషి ఫలము. సాహిత్యమును తోటపనియు నొకచేతిలో నిమిడినవనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

ఒట్టావా క్షేత్రమున 1961 లో ఫెలిసిటాస్ స్వెయ్డా యను శాస్త్రజ్ఞురాలు ఈ పనిని క్రమపద్ధతిని చేపట్టెను. ఆమె వియన్నాలో 1920 లో పుట్టి, 1953 లో ఆ క్షేత్రమున చేరినది. ఆమె పద్ధతి వినుట కెంత సులభమో చేయుట కంత కష్టము. విత్తనములనుండి పుట్టిన మొక్కలను బయట నాటి, చలికి కప్పక, తెగుళ్లకు మందు చల్లక విడిచిపెట్టుట, చచ్చినవానిని చావనిచ్చుట, మిగిలినవానినే మరల కలుపుట. తాను ప్రేమించు మొక్క కన్నులయెదుట చచ్చుచుండగా చేయి చాపక నిలుచుటకు ఎంతటి సంయమము కావలెనో పాఠకులే యూహింతురు గాక.

ఆమెకు తోడ్పడిన మరియొక గులాబి జర్మనీనుండి వచ్చినది. రుగోసాకును, నేలప్రాకు వికురానా యను జాతికిని పుట్టిన 'మాక్స్ గ్రాఫ్' అను మొక్క దాదాపు గొడ్డుది. విల్‌హెల్మ్ కోర్డెస్ అను తోటవాడు దానినుండి యెట్లో కొన్ని విత్తనములు సంపాదించెను. వానినుండి పుట్టిన యొక మొక్కలో క్రోమోసోములు తమంతట తామే రెట్టింపై, గొడ్డుతనము తొలగిపోయెను. దానిని నూతన జాతిగా నెంచి 'రోజా కోర్డెసీ' యనిరి. తల్లి చలి యోర్పును, నిగనిగలాడు ఆకును, మరలమరల కాపు కాయు శక్తిని గలిగిన యీ మొక్క ఒట్టావాలో పెద్ద ఉపకరణమయ్యెను.

ఆమె సృష్టించిన గులాబులకు కెనడాను వెదకివచ్చిన నావికుల పేర్లు పెట్టిరి. 'మార్టిన్ ఫ్రోబిషర్' 1968 లోను, 'జెన్స్ మంక్' 1974 లోను, 'హెన్రీ హడ్సన్' 1976 లోను, 'జాన్ కాబట్' 1978 లోను, 'విలియం బాఫిన్' 1983 లోను వెలువడినవి. ఈ పేర్లలో నొక విశేషము కలదు. వీరిలో పలువురు ఉత్తరసముద్రముల మంచును చీల్చుకొని ఆసియా ఖండమునకు దారి కనుగొన బయలుదేరినవారు, ఎవ్వరును చేరలేదు. జెన్స్ మంక్ 1619 లో హడ్సన్ అఖాతముతీరమున శీతకాలము గడపవలసివచ్చి, అరువదిమందికి పైబడిన తనవారిలో తానును మరి యిద్దరును మాత్రమే ప్రాణములతో స్వదేశము చేరెను. వారు చేరలేకపోయిన ఆసియా తీరపు మొక్క రక్తమే, వారి పేర్లు ధరించిన గులాబులను ఆ చలిలో నిలిపినది.

కెనడాలోనే మానిటోబాలోని మోర్డెన్ క్షేత్రమున హెన్రీ మార్షల్ మరియొక దారి త్రొక్కెను. ఆయన దూరదేశపు మొక్కను మాత్రమే నమ్మక, ఆ మైదానములందే పుట్టిన అడవిగులాబి రోజా అర్కన్సానాను తీసికొనెను. దాని కొమ్మ చలికి నేలమట్టమువరకు చచ్చినను, మరుసటి వసంతమున వేరునుండి లేచి ఆ యేడే పూచును. 1967 నాటి 'కత్‌బర్ట్ గ్రాంట్' మొదలగు పొదలు ఆ వంశమువి. చావక నిలుచుట యొక యోర్పు, చచ్చి లేచుట మరియొక యోర్పు అని మేము దీనివలన గ్రహించితిమి.

అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయపు గ్రిఫిత్ బక్ గూడ ఇట్టి పరీక్షయే పెట్టెను. బాల్యమున ఆయన బడిలో పరదేశీయునికి ఉత్తరము వ్రాయుమని చెప్పగా, స్పెయినులోని గులాబి పెంపకందారు పేద్రో దోత్‌కు వ్రాసెనట. ఆ ఉత్తరప్రత్యుత్తరములే ఆయనను గులాబివైపు త్రిప్పినవి. ఆయన 1977 లో వెలువరించిన 'కేర్‌ఫ్రీ బ్యూటీ' అయోవా చలిలో పరీక్షింపబడిన మొక్క. కొంతకాలమునకు దక్షిణమున, టెక్సాసు వేడిలో, కేటీ యను నూరికి పోవు దారి పేర పిలువబడుచు పేరు తెలియని యొక గట్టి గులాబి వ్యాపించినది. విచారింపగా నది బక్ గారి మొక్కయే యని తేలినది. చలిని, వేడిని రెండింటిని సహించు పొద యొకటియైన కలదని తోటవారు సంతోషించిరి. కాని యట్టివి అరుదు. 2000 లో అమెరికాలో వెలువడి వీధివీధిని నాటబడిన 'నాక్ అవుట్' గులాబి నల్లమచ్చకు లొంగలేదు. కంటికి కనబడనంత చిన్న నల్లి మోసికొనివచ్చు రోజ్ రోసెట్ అను వైరసు తెగులుకు మాత్రము లొంగినది. ఒక శత్రువు నోర్చినది మరియొక శత్రువు నోర్చునని నియమము లేదు.

రుగోసా కథకే మరియొక ముఖమున్నది. ఐరోపా ఉత్తరతీరములలో, ముఖ్యముగా డెన్మార్కు, జర్మనీల ఇసుకదిబ్బలపై, అది హద్దులేక వ్యాపించి, అచ్చటి చిన్నమొక్కలను త్రోసివేయుచున్నది. మనము గుణమనుకొన్నది అచ్చట దోషమైనది. మరియు నా గులాబినే తెచ్చి కోస్తా జిల్లాలలో నాటినచో, దానికి నిద్రించుటకు చలియే దొరకదు. వేసవి వేడికి ఆకులు మాడి, వానకాలపు తడికి వేరు కుళ్లి, నలుబది డిగ్రీల చలికి చావనిది నలుబది డిగ్రీల ఎండకు చచ్చును. మేము ఉపాధ్యాయులము గనుక మాకు తోచిన పోలిక చెప్పుచున్నాము. ఒట్టావా శీతకాలము మొక్కకు పెట్టినది యొక ప్రశ్నపత్రము, గోదావరి వైశాఖము పెట్టునది వేరొక ప్రశ్నపత్రము. ఒకచోట పొందిన పట్టా మరియొకచోట చెల్లదు.

మరి వేడికి తగిన గులాబిని వెదకినవారు లేరా? కలరు. మణిపురమున సర్ జార్జి వాట్ 1882 లో, బర్మా షాన్ కొండలలో కాలెట్ 1888 లో, చెట్లపై కెగబ్రాకు నొక మహత్తరమైన అడవిగులాబిని కనుగొనిరి. దానికి 'రోజా జైగాంటియా' యని పేరు. ఆస్ట్రేలియాలో అలిస్టర్ క్లార్క్ దీనిని పెంచి, మంచు కురియని దేశమునకు తగిన గులాబులను సృష్టించెను. 1924 నాటి 'లొరేన్ లీ' శీతకాలమున గూడ పూచి ఆ దేశపు పెరళ్లలో ప్రసిద్ధి కెక్కినది. మనదేశమున, గోధుమ వంగడముల సృష్టిలో పేరొంది, భారత వ్యవసాయ పరిశోధన సంస్థకు అధ్యక్షులైన బి. పి. పాల్ గారు, తీరిక వేళల గులాబులను కలుపుచు, 1966 లో భారతదేశపు గులాబినిగూర్చి యొక గొప్ప గ్రంథము ప్రకటించిరి.

ఈ దారిలో ఇంకను ముందుకు పోయినవారు ఎం. ఎస్. వీరరాఘవన్ గారు. వీరు ఆంధ్రప్రదేశమున ఐ. ఏ. ఎస్. అధికారిగా నుండి, ఉద్యోగమును ముందుగానే విరమించి, భార్య గిరిజ గారితో కొడైకెనాలున స్థిరపడి వేడిదేశపు గులాబుల సృష్టికి పూనుకొనిరి. జైగాంటియాను వెదకుచు మణిపురపు కొండలెక్కిరి. దాని సంతతిలో వీరు పుట్టించిన యొక పసుపు గులాబికి, సరోజినీ నాయుడు గారి మొదటి కవితాసంపుటి పేరగు 'గోల్డెన్ త్రెషోల్డ్' అను పేరు పెట్టిరి. హైదరాబాదువాసులు ఆ పేరుగల యింటిని ఎరుగుదురు.

వీరరాఘవన్ గారు వాడిన మరియొక జాతి మమ్ము సిగ్గుపడజేసినది. బంగాళ, బీహారు ప్రాంతముల ఏటి యొడ్డులను పల్లపునేలలను పెరుగు తెల్లని అడవిగులాబి యది. వేడిని మాత్రమే గాక, పాదు చుట్టు నిలిచిన నీటిని గూడ సహించును. నేడు దానిని 'రోజా క్లైనోఫిల్లా' యందురు. విలియం రాక్స్‌బర్గ్ దానికి 'రోజా ఇన్వాల్యుక్రేటా' యని పేరు పెట్టియుండెను. ఈ రాక్స్‌బర్గ్ 1793 లో కలకత్తా తోటకు పోకముందు మన సామర్లకోటలో కంపెనీ వైద్యుడుగా నుండి, తోట వేసి తెలుగుదేశపు మొక్కలను పరిశీలించిన విద్వాంసుడు. అనగా వేడికి, తడికి ఓర్చు గులాబి మన దేశములోనే యున్నదని శాస్త్రలోకము రెండువందల యేండ్లనుండి యెరుగును. ఆ కాలమంతయు మనము చలిదేశములలో పరీక్షింపబడిన పూవుల బొమ్మలు చూచి అంట్లు కొనుచు, అవి చచ్చినప్పుడు నీరు పోసినవానిని నిందించుచు వచ్చితిమి.

ఇక మా తోటలో బ్రతికిన ఎడ్వర్డు సంగతి. అదియు నీ దేశపుది గాదు. హిందూమహాసముద్రములో ఫ్రెంచివారి బూర్బోను ద్వీపమున, అనగా నేటి రీయూనియన్‌లో, చీనా గులాబిని, శరత్తున గూడ పూచు దమాస్కు గులాబిని కలిపి పొలముల చుట్టు కంచెగా నాటెడివారు. ఆ కంచెలో మనుష్యుని ప్రమేయము లేకయే యీ రెండింటికి పుట్టిన బిడ్డ యది. 19వ శతాబ్ది తొలినాళ్లలో దానిని గుర్తించి వేరుపరచిరి. వేడి దీవిలో, వర్షగాలులలో, కంచెగా పెరిగినది గనుక దక్షిణభారతమున నిలిచినది. తోటవారు దానిని వేరుమొక్కగా వాడి, దాని తలపై పెద్దపూవుల కన్నంట్లు కట్టిరి. తోరణములకు, దండలకు దాని పూవులనే కోసిరి. కావున స్వదేశపుదే గట్టిది, విదేశపుదెల్ల బలహీనమను వాదము మాది కాదు. ఏ దేశపుదైనను కానిండు, అది మన ఎండలో, మన వానలో పరీక్షింపబడినదా లేదా యనునదే మేము అడుగుమనుచున్నాము.

ఈ చరిత్రవలన మాకు కలిగిన ఆచరణ చిన్నది. గులాబి కొనునప్పుడు, పూవెట్టిదని గాక, ఇది మన ప్రాంతమున నెన్ని వేసవులు గడిపినదని అడుగుచున్నాము. పాదులను నేలకంటె జానెడు ఎత్తుగా వేయించి, వాననీరు నిలువకుండ కాలువ తీయించితిమి. ఎండకాలమున మొదళ్లకు ఎండుటాకులు కప్పించుచున్నాము. పండ్రెండు పాదులలో ఆరింట ఎడ్వర్డు కొమ్మలనే నాటించితిమి. ఏ అంటును లేదు, వేరు దానిదే, పువ్వు దానిదే. మిగిలిన యారింట విద్యార్థులు విత్తనములనుండి మొలిపించిన మొక్కలున్నవి. వానికి మందు చల్లము. చచ్చినవానిని లెక్క వ్రాయుదుము, బ్రతికినవానిని కాపాడుదుము. పదిమంది స్వెయ్డాలు మా బడినుండి రాకపోవచ్చును. మొక్క చచ్చినప్పుడు ముందుగా కారణము వెదకి, పిమ్మట మనుష్యుని మాట తలపెట్టు పిల్లలు వచ్చిన చాలును.

ఆ లెక్కపుస్తకమును ప్రారంభించిన దినమున మేము పిల్లలను తోటలో సమావేశపరచి, తోటమాలిని వారి యెదుట క్షమాపణ వేడితిమి. నిందించినది వారి యెదుటనే గనుక అదియు వారి యెదుటనే జరుగవలెనని తోచెను. ఆ వృద్ధుడు నొచ్చుకొని, "అంత మాటెందుకండి, పంతులుగారూ. ముందు ఆ మూల పాదులో నీరు నిలుస్తోంది, చూడండి" అని పార తీసికొని వెడలిపోయెను. పిల్లలు ఆయన వెంట పోయిరి.